గాజు టార్చ్ దగ్గర గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలి

మీరు బెంగళూరు పీణ్యలో చిన్న షెడ్డు తీసుకుని గాజు పూసలు చేస్తున్నా, మారతహళ్ళి ఫ్లాటులో యుటిలిటీ బాల్కనీలో బల్ల వేసుకుని సరదాకి చేస్తున్నా, ఏదో ఒక రోజు ఆ వాసన ముక్కుకు తగులుతుంది. కుళ్ళిన కోడిగుడ్డుకి మురిగిన క్యాబేజీ తోడైనట్టుండే వాసన. వెంటనే చెయ్యి టార్చ్ మీదికే, అంటే గ్యాస్, ఆక్సిజన్ మండించి గాజు కరిగించే బర్నర్ మీదికే పోతుంది. నాబులు గట్టిగా బిగించేస్తాం, కనబడిన నట్టల్లా ఒక చుట్టు తిప్పేస్తాం, వాసన తగ్గినట్టనిపిస్తే మళ్ళీ పనిలో పడతాం. చాలాసార్లు పాపం టార్చ్‌ది తప్పే ఉండదు. పని చేసేటప్పుడు మన ముక్కు ఉండేది టార్చ్ దగ్గర కాబట్టి వాసన అక్కడ తెలుస్తుంది, అంతే. లీకు ఆరడుగుల అవతల సిలిండర్ మెడ దగ్గర ఉండొచ్చు.

ముక్కు లీకు ఉందని చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పలేదు. ఎక్కడో తెలియాలంటే ముందు వాసన ఎప్పుడెప్పుడు వస్తోందో చూడాలి, తర్వాత గేజ్ ముల్లు చూడాలి, ఆ తర్వాత సబ్బు నీళ్ళు పట్టాలి. స్పానర్ అన్నిటికంటే చివర.

ఇప్పుడే వాసన వస్తుంటే

మిగతాది తర్వాత చదవొచ్చు. మంట వెలుగుతుంటే టార్చ్ మీద ముందు ఆక్సిజన్, వెంటనే గ్యాస్ కట్టేయండి. ఆ వెంటనే సిలిండర్ దగ్గర కూడా కట్టేయండి. స్విచ్చులేవీ ముట్టుకోవద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే తిరగనివ్వండి, ఆగి ఉంటే వేయకండి. తలుపులు బార్లా తెరిచి బయటికి వచ్చేయండి. ఫోను బయటికి వచ్చాకే. ఎల్‌పీజీ లీకులకి దేశమంతటా ఒకటే నంబరు, 1906, రాత్రీ పగలూ పలుకుతుంది. మంట అంటుకుంటే 112.

వంటింటి లీకుకి చెప్పే జాగ్రత్తలన్నీ ఇక్కడా పనికొస్తాయి గానీ, మన పనిచోటులో ఇంకో శత్రువు ఉంది: కిల్న్, అంటే కరెంటు బట్టీ. పూసలు నెమ్మదిగా చల్లారాలని పెట్టిన కిల్న్‌లో తీగలు ఎర్రగా కాలుతుంటాయి, కంట్రోలర్ లోపల రిలే టిక్కు టిక్కుమని పడుతూ లేస్తూ ఉంటుంది. ఆ టిక్కు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. ప్లగ్గు పీకినా రవ్వే. అందుకని గది బయటున్న మెయిన్ దగ్గరే కరెంటు తీయాలి. మెయిన్ గది లోపలే ఉంటే దాని జోలికి పోకుండా బయటికి నడవండి. లోపలున్న పూసలు పగిలిపోతాయేమో అన్న ఆలోచనే వద్దు. పగలనివ్వండి.

గుమ్మమే తెరవాలని ఎందుకంటే, ఈ గ్యాస్ గాలికంటే బరువు. టార్చ్ పెట్టె మీద ప్రొపేన్ అని రాసి ఉన్నా మనకు దొరికే ఎల్‌పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ కలిసి ఉంటాయి. ప్రొపేన్ గాలికి ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ రెండు రెట్లు. కిటికీలోంచి పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, మెట్లు దిగుతుంది, బేస్‌మెంటులోకి జారుతుంది, బాత్రూం తూములోకి కూడా దిగుతుంది. గాలిలో దాదాపు రెండు శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. అందులో ఐదో వంతు ఉన్నప్పుడే మనకి తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే వాసన మందు కలుపుతారు. కాబట్టి కుర్చీలో కూర్చున్నవాళ్ళకి సన్నగా తగిలిందంటే ఫరవాలేదని కాదు. మోకాళ్ళ కింద ఎంతుందో కుర్చీలోని ముక్కుకి తెలియదు.

ఇంకో మాట. అదే వాసనలో పది నిమిషాలుంటే ముక్కు అలవాటు పడిపోయి ఇక చెప్పడం మానేస్తుంది. కోవిడ్ తర్వాత వాసనలు సరిగా తెలియని వాళ్ళూ ఉన్నారు. మీరు ఆ బాపతైతే పక్కనున్న మనిషినో, డిటెక్టర్‌నో నమ్ముకోండి, మీ ముక్కుని కాదు.

అసలు ఇది మన గ్యాసేనా

గాలి ఆడి గది మామూలయ్యాక వెతుకులాట మొదలుపెట్టండి. ముందు పక్క అనుమానాలు తీర్చేసుకోవాలి. యుటిలిటీ బాల్కనీలో నహానీ ట్రాప్ (నేల తూము కింద నీళ్ళు నిలిచే గిన్నె) వాడక ఎండిపోతే డ్రైనేజీ గాలి పైకి తన్నుకొస్తుంది, అది కూడా కుళ్ళిన గుడ్డు వాసనే. ఒక చెంబుడు నీళ్ళు పోసి అరగంట చూడండి. పోయిందంటే మీ టార్చ్‌కి ఏ రోగమూ లేదు.

రెండోది వంటిల్లు. బెంగళూరు ఫ్లాట్లలో చాలాచోట్ల ఇప్పుడు పైపుల గ్యాస్ వచ్చింది. అది మీథేన్, గాలికంటే తేలిక, పైకి పోతుంది. టార్చ్ సిలిండర్‌లోది కిందికి దిగుతుంది. వాసన నేల దగ్గర ఎక్కువా, పైకప్పు దగ్గర ఎక్కువా అన్నది ఒక గుర్తు. గ్యాస్ డిటెక్టర్ కొనేటప్పుడు కూడా ఇదే లెక్క: టార్చ్ గదిలో నేలకి అడుగెత్తులో బిగించాలి, పైపుల గ్యాస్ ఉన్న వంటింట్లో పైకప్పుకి కాస్త కింద. ఎల్‌పీజీకి కొన్న డిటెక్టర్‌ని అందంగా ఉంటుందని తలుపు పైన బిగిస్తే అది మోగేసరికి ఆలస్యమైపోతుంది.

ఎప్పుడు వస్తోంది

ఇది తీరిగ్గా గమనించాల్సిన విషయం. రెండు మూడు రోజులు పనిచేసేటప్పుడు గోడ మీద కాగితం అంటించి, వాసన తగిలినప్పుడల్లా అప్పుడు ఏం చేస్తున్నారో ఒక ముక్క రాసి పెట్టుకోండి. ఇది సన్నటి, వచ్చిపోయే వాసనకే సుమా. గుప్పుమని కొడితే గమనించడాలు లేవు, కట్టేయడమే.

పొద్దున షెడ్డు షట్టర్ ఎత్తగానే వాసన కొడుతోందా? అంటే రాత్రంతా సిలిండర్ తెరిచే ఉంది, దానికీ టార్చ్ నాబుకీ మధ్య ఎక్కడో సన్నగా కారుతోంది. సిలిండర్ కట్టేసి వెళ్ళినా కొడుతుంటే లీకు సిలిండర్ వాల్వ్‌లోనే.

వెలిగించేటప్పుడు మాత్రమే వచ్చి పోతోందా? గ్యాస్ నాబు ముందే ఎక్కువ తిప్పేసి లైటర్ కోసం తడుముకుంటున్నారన్నమాట. లైటర్ చేతిలోకి వచ్చాకే నాబు, అదీ కొంచెమే. ఇది లీకు కాదు, అలవాటు.

పని చేస్తున్నంతసేపూ సన్నగా ఉండి, ఆపగానే పోతోందా? అప్పుడు అనుమానం రెండింటి మీద. మంటలో గ్యాస్ పూర్తిగా కాలడం లేదు, లేదా నాబు కాడ చుట్టూ కారుతోంది. ఈ రెండిటి గురించీ కింద విడిగా చెబుతాను.

ఆపిన తర్వాత కాసేపు వచ్చి పోతోందా? పైపులో మిగిలిన గ్యాస్ అది, దాని మందు చివర్లో చెబుతాను.

ఇన్నాళ్ళూ లేనిది సిలిండర్ అయిపోవచ్చే రోజుల్లో మాత్రం వస్తోందా? దీనికి భయపడక్కర్లేదు గానీ కారణం తెలుసుకోవాలి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గర, వాసన మందు మాత్రం 35 డిగ్రీల దగ్గర. తేలికవి ముందు వెళ్ళిపోతాయి, వాసన మందు అడుగున పేరుకుంటుంది. అందుకని అడుగుబొడుగు గ్యాస్ ఎప్పుడూ ఘాటుగానే ఉంటుంది. సిలిండర్ నిజంగా అయిపోతోందా లేదా అన్నది రెగ్యులేటర్ గేజ్ చూసి చెప్పలేం. లోపల చుక్క ద్రవం ఉన్నంతవరకూ ఆ ప్రెషర్ ఇంచుమించు అలాగే ఉంటుంది. తూకం వేసి, సిలిండర్ మీద కొట్టి ఉన్న ఖాళీ బరువు తీసేయండి. తేలిన లెక్క ఇంకా సగం గ్యాస్ ఉందంటే, ఆ ఘాటుకి వేరే కారణం వెతకాల్సిందే.

గేజ్ ముల్లు పరీక్ష

మీది గేజ్ ఉన్న హై ప్రెషర్ రెగ్యులేటర్ అయితే ఈ పరీక్ష చేయకుండా సబ్బు నీళ్ళ జోలికి పోవద్దు. అసలు లీకు ఉందా లేదా అన్నది పదిహేను నిమిషాల్లో తేల్చేస్తుంది.

టార్చ్ మీద రెండు నాబులూ కట్టేయండి. సిలిండర్ తెరిచి, రోజూ పనిచేసే ప్రెషర్‌కి రెగ్యులేటర్ తిప్పండి. చిన్న టార్చ్‌లకి రెండు నుంచి ఐదు పీఎస్‌ఐ మామూలు, మీ టార్చ్‌తో వచ్చిన కాగితంలో ఎంతుంటే అంత. ఇప్పుడు సిలిండర్ కట్టేయండి. ముల్లు ఎక్కడుందో గేజ్ అద్దం మీద సన్నటి టేపు ముక్కతో గుర్తు పెట్టి పావుగంట కూర్చోండి. పైపు మీద ఎండ పడకుండా చూసుకోండి, వేడికి ముల్లు కదిలి మిమ్మల్ని మోసం చేస్తుంది.

ముల్లు దిగిందంటే సిలిండర్ వాల్వ్‌కీ టార్చ్ నాబుకీ మధ్య లీకు ఖాయం. బల్ల దగ్గర గ్యాస్ పైపుకి విడిగా ఒక బాల్ వాల్వ్ పెట్టుకుని ఉంటే పని ఇంకా తేలిక. దాన్ని మూసి మళ్ళీ అదే పరీక్ష చేయండి. ఈసారి ముల్లు నిలబడితే లీకు వాల్వ్‌కి టార్చ్ వైపు ఉన్నట్టు, మళ్ళీ దిగితే సిలిండర్ వైపు. ఆ వాల్వ్ లేకపోతే పెట్టించుకోండి, పెద్ద ఖర్చు కాదు.

ముల్లు కదల్లేదా? అంతమాత్రాన పూర్తిగా నిశ్చింత పడొద్దు. సిలిండర్ వాల్వ్ లీకునీ, నాబు తెరిచినప్పుడే బయటపడే లీకునీ ఈ పరీక్ష పట్టుకోలేదు.

ఒక్కోసారి తమాషాగా, సిలిండర్ తెరిచి ఉంచితే ముల్లు దిగకపోగా మెల్లగా పైకి పాకుతుంది. అంటే రెగ్యులేటర్ లోపల సీటు సరిగా కూర్చోవడం లేదు. మీరు మూడు పీఎస్‌ఐ అనుకుని వెళ్ళి టీ తాగి వచ్చేసరికి పైపులో అంతకు రెట్టింపు ఉంటుంది, అప్పటిదాకా బాగున్న జాయింట్లు కారడం మొదలుపెడతాయి. అలాంటి రెగ్యులేటర్‌ని బాగు చేయించడం కాదు, మార్చేయడమే.

వంటింటి రెగ్యులేటర్‌తో నడిపేవాళ్ళకి గేజ్ ఉండదు. అది ఇచ్చేది సుమారు 30 మిల్లీబార్లు, అంటే అర పీఎస్‌ఐ కూడా కాదు. మీరు నేరుగా సబ్బు నీళ్ళకే రావాలి. పనిలో పనిగా ఇది కూడా చెప్పాలి: 14.2 కిలోల ఇంటి సిలిండర్ వంటకి మాత్రమే. అమ్మకానికి పూసలు చేసేవాళ్ళు 19 కిలోల కమర్షియల్‌దో, 5 కిలోల చిన్నదో తీసుకోవాలి.

సబ్బు నీళ్ళు

గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా, గ్లాసుడు నీళ్ళు. గిలక్కొట్టొద్దు, ముందే నురగ వస్తే లీకు బుడగ ఏదో తెలియదు. రంగులేసే చిన్న కుంచె తీసుకోండి, స్ప్రే కంటే కుంచె నయం, సందుల్లోకి పోతుంది. అగ్గిపుల్ల గీసి లీకు వెతికే ధీరులు ఇంకా ఉన్నారు, వాళ్ళ మాట వినకండి.

సిలిండర్ తెరిచి, టార్చ్ నాబులు మూసి, సిలిండర్ దగ్గర మొదలుపెట్టి టార్చ్ వైపు రండి. ఒక్కో చోట పట్టించి నిమిషం ఆగి చూడాలి. పెద్ద లీకైతే బుడగలు వెంటనే ఉబుకుతాయి. మనల్ని ఏడిపించేది చిన్నది. మొదట ఏమీ కనిపించదు, కాసేపటికి నట్టు అంచున ఆవగింజల కుప్పలాగా సన్నటి తెల్లటి నురగ పేరుకుంటుంది. తుడిచేసి మళ్ళీ పట్టించండి. అదే చోట మళ్ళీ పేరుకుంటే అదే లీకు.

రెగ్యులేటర్ దగ్గర జాయింట్లే కాకుండా దాని మూత మీద ఉండే చిన్న బెజ్జం మీద కూడా ఒక చుక్క వేయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. లోపలి రబ్బరు పొర చిరిగితే గ్యాస్ బయటికి వచ్చే దారి అదే. అక్కడ బుడగ వస్తే రెగ్యులేటర్ పని అయిపోయింది. ఆ బెజ్జాన్ని ఎమ్‌సీల్‌తో పూడ్చాలన్న తెలివి మాత్రం ప్రదర్శించొద్దు, రెగ్యులేటర్ పనిచేయాలంటే అది తెరిచే ఉండాలి.

పైపుని చివర్ల దగ్గర మాత్రమే చూస్తే చాలదు. జానెడు జానెడుగా వంచుతూ పట్టించండి. కుర్చీ చక్రం కింద నలిగిన చోటు, బల్ల అంచుకి రాసుకునే చోటు, ఎప్పుడో వేడి గాజు ముక్క రాలిన చోటు. వంచితేనే తెరుచుకునే పగుళ్ళు ఉంటాయి, నిటారుగా ఉన్నప్పుడు బుద్ధిగా మూసుకుంటాయి.

తర్వాత ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ (మంట పైపులోకి వెనక్కి పోకుండా ఆపే బిళ్ళ) రెండు చివరలు, టార్చ్ వెనక నట్లు. చివరికి టార్చ్ మూతి మీద కూడా ఒక కుంచె పట్టించండి. నాబు మూసి ఉండగా మూతి మీద బుడగ వస్తే లోపలి నీడిల్ వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం. అప్పుడు ఇంకా గట్టిగా బిగిస్తే సూది, సీటు రెండూ నలిగి లీకు పెరుగుతుంది. నీడిల్ వాల్వ్‌ని రెండు వేళ్ళతో మూయాలి, పిడికిలితో కాదు.

ఇక నాబు కాడ. మామూలు పరీక్షల్లో తప్పించుకునే దొంగ ఇదే. చాలా టార్చ్‌లలో నాబు మూసి ఉన్నప్పుడు గ్యాస్ కాడ దాకా రానే రాదు, తెరిచాకే వస్తుంది. మూసి ఉంచి ఎంతసేపు సబ్బు పట్టించినా బుడగ రాదు, పని మొదలుపెట్టగానే వాసన. పై పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని తేలాకే, ఎగ్జాస్ట్ వేసి, ఆక్సిజన్ లేకుండా చిన్న పసుపు మంట మాత్రం వెలిగించి, గ్యాస్ నాబు కాడ మొదట్లో ఒక చుక్క వేయండి. నాబుని అటూ ఇటూ కొంచెం తిప్పుతూ చూడండి. బుడగ వస్తే లోపలి ప్యాకింగో ఓ-రింగో అరిగింది.

ఆక్సిజన్ వైపు వాసన రాదు కాబట్టి దాన్ని అందరూ మర్చిపోతారు. ఆ లీకు కూడా ముఖ్యమే, ఆక్సిజన్ నిండిన బట్ట గుడ్డపేలికలాగా కాదు, దూదిలాగా భగ్గుమంటుంది. అయితే అక్కడ నూనె, గ్రీజు ఏ రూపంలోనూ తగలకూడదు. గ్రీజు చేతులతో, గ్యాస్ వైపు వాడిన మురికి కుంచెతో ఆక్సిజన్ నట్లు ముట్టుకోవద్దు. పరీక్ష అయ్యాక రెండు వైపులా మంచినీళ్ళ గుడ్డతో తుడిచేయండి, సబ్బు అలాగే ఎండితే ఇత్తడిని తినేస్తుంది.

దొరికాక

సిలిండర్ వాల్వ్‌లోనే కారుతుంటే అది మీరు బాగుచేసేది కాదు. మూత బిగించి, బయట గాలి ఆడేచోట నిలబెట్టి, ఏజెన్సీకో 1906కో చెప్పండి. అసలు సిలిండర్ వచ్చిన రోజే డెలివరీ అబ్బాయిని "వాల్వ్‌లో నీళ్ళు పోసి చూపించు తమ్ముడూ" అని అడగండి. వాల్వ్ కారుతుంటే నీళ్ళలో బుడగలు అప్పుడే కనిపిస్తాయి, అతనే మార్చి ఇస్తాడు. వెళ్ళిపోయాక పిలిస్తే సాయంత్రమవుతుంది.

రెగ్యులేటర్ని సిలిండర్‌కి మరతో బిగించే రకమైతే గుర్తుంచుకోండి, గ్యాస్ వైపు నట్లు ఎడమ మరలు. నట్టు మూలల మీద చిన్న గాట్లు ఉంటే అది ఎడమ మర అని గుర్తు. బిగిస్తున్నామనుకుని విప్పేసే అవకాశం బాగా ఉంది. లీకు అక్కడుంటే విప్పి, లోపలి ఇత్తడి ముక్కు మీద గీత పడిందేమో, ఇసుక రేణువు ఇరుక్కుందేమో చూసి, తుడిచి, బిగించండి. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అలాంటి చోట గ్యాస్‌ని ఆపేది మర కాదు, లోహం లోహానికి ఆనడం. టేపు అడ్డొస్తే ఆ ఆనడమే చెడుతుంది. పైపు నట్లకీ ఇదే మాట. టేపు వాడాల్సింది మొదలు లావుగా, చివర సన్నగా ఉండే కోసు మరలకే, అదీ గ్యాస్‌కని అమ్మే మందపాటి పసుపు టేపు.

పైపు విషయంలో ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ కొట్లకి వెళ్ళి "గ్యాస్ పైపు" అంటే వెల్డింగ్‌వాళ్ళు వాడే ఎర్రది, నీలంది జంటగా కోసి ఇచ్చేసే అవకాశం ఉంది. నీలం ఆక్సిజన్‌కి సరే. ఎర్రది అసిటిలిన్‌కి చేసిందైతే లోపలి రబ్బరుని ఎల్‌పీజీ మెల్లమెల్లగా చెడగొడుతుంది, కొన్ని నెలలకి పైనుంచి బాగానే కనిపిస్తూ లోపల మెత్తబడుతుంది. "అన్నా, దీని మీద ఎల్‌పీజీ అని ఉందా?" అని అడిగి, అచ్చు చదివి తీసుకోండి. ఎల్‌పీజీ పైపుకి నారింజ రంగు గుర్తు. వంటింటి సురక్షా పైపు కూడా నారింజే, కానీ అది ఇంటి రెగ్యులేటర్ ఇచ్చే తక్కువ ప్రెషర్‌కి చేసింది. హై ప్రెషర్ రెగ్యులేటర్‌కి తగిలించొద్దు. దాన్నీ ఐదేళ్ళకోసారి మార్చాలి.

పైపు చివర మాత్రమే పగిలి ఉంటే రెండంగుళాలు కోసేసి కొత్త క్లిప్పుతో బిగించుకోవచ్చు. మధ్యలో పగిలితే టేపు చుట్టడాలు లేవు, మొత్తం మార్చేయాలి.

నాబు కాడ దగ్గర లీకైతే, కాడ చుట్టూ ప్యాకింగ్ నట్టు ఉన్న రకమైతే, దాన్ని చుట్టులో ఎనిమిదో వంతు మాత్రం బిగించి మళ్ళీ చూడండి. నాబు తిరగడం కొంచెం బిగువుగా మారుతుంది, అంతవరకూ ఫరవాలేదు. ఓ-రింగు రకమైతే టార్చ్ తయారీదారు ఇచ్చే కిట్టే వేయాలి, కొళాయికి వేసే వాషరు ఇక్కడ నప్పదు.

లీకు లేదు, మంటలోంచే వస్తోంది

బల్ల మీద టార్చ్‌లలో చాలావరకు గ్యాస్, ఆక్సిజన్ మూతి బయటికి వచ్చాకే కలిసే రకం. ఆక్సిజన్ తక్కువైతే గ్యాస్ కొంత కాలకుండానే పక్కలకి జారిపోతుంది. మంటని చూసి చెప్పొచ్చు. మూతి దగ్గర చిన్న నీలి ములుకులు పదునుగా, విడివిడిగా కనిపిస్తుంటే బాగున్నట్టు. అవి మసగ్గా సాగిపోయి, చివర పసుపు జుట్టు వేలాడుతుంటే గ్యాస్ ఎక్కువ. గాజు కూడా చెబుతుంది. రాగి కలిసిన మయిలుతుత్తం రంగు కడ్డీ ఇలాంటి మంటలో పెడితే పైన ఎర్రగా, ఇటుక ఛాయలో పొర కడుతుంది. ఫిరోజాబాద్ కడ్డీ మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టే ముందు ఆక్సిజన్ కొంచెం పెంచి చూడండి.

ములుకుల్లో ఒక పక్కవి మాత్రం పొట్టిగా, వంకరగా ఉంటే మూతి బెజ్జాల్లో మసి చేరింది. టార్చ్ చల్లారాక, ఆ బెజ్జానికి సరిపడే తీగతో నిటారుగా పొడిచి తీయాలి. లావు సూది పెట్టి కెలికితే బెజ్జం పెద్దదై, ఆ టార్చ్ ఇక ఎప్పటికీ ఒంటికన్ను మంటే ఇస్తుంది. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో పూసలు లాగేవాళ్ళ కొలిమి దగ్గర పొగ బాధే గానీ ఈ బెజ్జాల గొడవ లేదు.

ఆక్సిజన్ సిలిండర్ బదులు, గాలిలోంచి ఆక్సిజన్ తీసే కాన్సెంట్రేటర్ వాడేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. దాని మీద రాసి ఉన్న లీటర్లకి మించి లాగితే ఆక్సిజన్ శాతం పడిపోతుంది. ఫిల్టరు దుమ్ము పట్టినా అంతే. మంట మెల్లగా పసుపెక్కుతుంది, మీరు అలవాటుగా గ్యాస్ పెంచుతారు, వాసన మొదలవుతుంది.

బెంగళూరులో కరెంటు పోయిన క్షణం ముఖ్యం. కాన్సెంట్రేటర్ ఆగిపోతుంది, ఎగ్జాస్ట్ ఆగిపోతుంది, గ్యాస్ మాత్రం సిలిండర్లోంచి నిక్షేపంగా వస్తూనే ఉంటుంది. చీకట్లో పొడుగాటి పసుపు మంట, మసి, వాసన. 'రెండు నిమిషాల్లో వస్తుందిలే' అని కూర్చోవద్దు, గ్యాస్ వెంటనే కట్టేయండి. జనరేటర్ అందుకోగానే ఫ్యాన్లు, కిల్న్ వాటంతట అవే మొదలవుతాయి. ఆ సమయానికి గదిలో గ్యాస్ ఉండకూడదు.

ఎగ్జాస్ట్ ఎంత పెద్దదైనా, లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే అది లాగేది ఏమీ ఉండదు. డిసెంబర్ చలికి తలుపులన్నీ బిగించుకుని పనిచేసే రోజుల్లోనే ఈ వాసన ఎక్కువ. నేలకి దగ్గరగా ఒక గాలి దారి తెరిచి ఉంచండి. వాసన లేకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు, దానికి వాసనే లేదు, తలనొప్పి మాత్రం తెస్తుంది.

రోజూ ఆపే వరస

ఆపాక వచ్చే వాసనకి మందు ఇది. టార్చ్ మీద ఆక్సిజన్ కట్టేయండి. పసుపు మంట మిగులుతుంది, ఉండనివ్వండి. వెళ్ళి సిలిండర్ కట్టేయండి. పైపులో ఉన్నదంతా కాలిపోయి మంట చిన్నదై దానంతటదే ఆరిపోతుంది. నల్లటి నూగు రెండు పోగులు గాల్లో తేలుతాయి, ఏం కాదు. మంట ఆరాక గ్యాస్ నాబు మూయండి. రెగ్యులేటర్ పిడి వదులు చేయండి. ఆక్సిజన్ సిలిండర్ కూడా కట్టేసి, పైపులో ఉన్నది వదిలేసి నాబు మూయండి. ఇలా చేస్తే పొద్దున షట్టర్ ఎత్తేసరికి పైపుల్లో ఏమీ ఉండదు, అప్పటికీ వాసన వస్తోందంటే నేరుగా సిలిండర్ వాల్వ్‌నే అనుమానించొచ్చు.

ఏ భాగం మార్చినా, నట్టు ఒక్కటే బిగించినా, ముల్లు పరీక్ష మళ్ళీ మొదటినుంచి చేయండి. ఒక లీకు మూస్తే ప్రెషర్ నిలబడి, దాని వెనక దాక్కున్న రెండోది బయటపడటం మామూలే. ఇన్ని చేశాక కూడా పని చేసేటప్పుడు వాసన తగ్గకపోతే అప్పుడు టార్చ్‌ని పైపుల నుంచి విప్పి తయారీదారుకి పంపండి. పంపేటప్పుడు గోడ మీది ఆ కాగితం ఫోటో తీసి జత చేయండి: వాసన ఎప్పుడెప్పుడు వచ్చింది, ప్రెషర్ ఎంత, ముల్లు నిలబడిందా, సబ్బు ఎక్కడ బుడగలు కట్టింది. "గ్యాస్ వాసన వస్తోంది" అని ఒక్క ముక్క రాసి పంపితే, అక్కడ తగిలించి చూసి, ఏమీ లేదని తిరిగి పంపేస్తారు.